ప్రాణము తీయు పనిముట్టు: కొయోటీ వేటకు తగిన తుపాకీ యేది?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8

క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు దాని మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. పైనుండి ఎవడైనను జారిపడినయెడల ఆ దోషము పడినవానిది కాదు, గోడ కట్టనివానిదే యగునని దాని భావము. పైకి చూచిన ఇది తాపీమేస్త్రీకి చెప్పవలసిన మాటవలె నున్నది. కాని యిందులో ఒక గొప్ప నియమము దాగియున్నది. మన చేతిపని వలన కలుగగల హానిని, అది కలుగక మునుపే ఆలోచించుట మన విధి. హాని జరిగిన తరువాత విచారించుట ఎవరికైనను చేతనగును.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ నెల మనము ఆ నియమమును ఒక వింత ప్రశ్న మీద పెట్టి చూతము. అమెరికా దేశములో గొఱ్ఱెల కాపరులును, పశువుల రైతులును, వేటగాండ్రును తరచుగా అడుగుకొను ప్రశ్న యిది: కొయోటీని వేటాడుటకు తగిన తుపాకీ యేది? సంఘ పత్రికలో తుపాకుల ప్రసంగ మేల అని కొందరనవచ్చును. మన యూళ్ల బిడ్డలు కొందరు నేడు టెక్సాస్ మొదలైన చోట్ల కాపురమున్నారు. అక్కడి సంగతులు మన ఇండ్లలోనికి వచ్చుచునే యున్నవి. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి గలదు. ఈ ప్రశ్న తుపాకీని గూర్చినదైనను, దీని జవాబు మనిషిని గూర్చినది.

కొయోటీ యెవరు?

కొయోటీ అనునది మన నక్కకు దాయాది వంటి జంతువు. నక్కయు, తోడేలును, కుక్కయు, కొయోటీయు ఒకే జాతి కుటుంబములోనివి. మెక్సికో దేశపు ప్రాచీన నహువాటిల్ భాషలోనుండి దానికా పేరు వచ్చినది. 1823లో థామస్ సే అను శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామమిచ్చెను. పశ్చిమ రాష్ట్రములలో అది సాధారణముగా 20 మొదలు 30 పౌనుల బరువుండును. తూర్పు ప్రాంతములలో ఇంకను పెద్దది. అనగా మన వీధికుక్క పాటి జంతువే. ఒంటిమీద వెండ్రుకలు దట్టముగా నుండుటచేత ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. కుందేళ్లు, ఎలుకలు, పండ్లు, చచ్చిన పశువుల మాంసము, ఏది దొరికిన అది తినును. అవకాశము చిక్కినప్పుడు గొఱ్ఱెపిల్లను దవడ క్రింద గొంతు పట్టి చంపును. అమెరికాలో క్రూరమృగముల వలన చచ్చు గొఱ్ఱెలలోను గొఱ్ఱెపిల్లలలోను సగమునకు పైగా కొయోటీ వాతబడినవే అని ఆ దేశ వ్యవసాయ శాఖ 2014 సంవత్సరపు లెక్కలలో తేల్చినది. కాబట్టి ఆ కాపరి కోపము ఊహించినది కాదు. తెల్లవారుజామున దొడ్డిలోనికి పోయి రాత్రి పుట్టిన పిల్ల పీక తెగి పడియుండుట చూచినవాని దుఃఖము మన గొల్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు. దావీదు సయితము తండ్రి మందను కాయునప్పుడు సింహమును ఎలుగుబంటిని కొట్టి చంపినవాడే గదా.

మొదట అడుగవలసిన ప్రశ్న

తుపాకీ అంగడికి పోవుటకు ముందు ఆ మనిషి తన్నుతాను ఒక ప్రశ్న అడుగుకొనవలెను: నేనెందుకు చంపబోవుచున్నాను? మందను కాపాడుటకా, తోలు అమ్ముటకా, వినోదమునకా, పగ తీర్చుకొనుటకా? ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండ తుపాకీ ప్రశ్నకు జవాబు దొరకదు. తోలు కావలసినవాడు చిన్న రంధ్రము చేయు గుండును వెదకును. మందను కాచువాడు తన దొడ్డి చుట్టునున్న భూమిని చూచి ఎంచుకొనును. పగబట్టినవానికి ఏ తుపాకీయైనను చాలును. వానికి తగినది మాత్రము ఏదియు లేదు.

ఇంకొక సంగతి. కొయోటీలను ఎక్కువగా చంపినంత మాత్రమున మంద క్షేమముగా నుండునా? అమెరికా ప్రభుత్వపు వన్యప్రాణి సేవల విభాగము ఇటీవలి సంవత్సరములలో ఏటా 50,000 కు పైగా కొయోటీలను చంపుచున్నది. అయినను ఆ జంతువు తగ్గిపోలేదు. ఒకప్పుడు పశ్చిమ మైదానములలోనే యుండిన కొయోటీ, తోడేళ్లు నశించిన తరువాత నేడు అలాస్కా మొదలుకొని మధ్య అమెరికా వరకు వ్యాపించినది. 1975లో గై కానలీ, విలియం లాంగ్‌హర్స్ట్ అను కాలిఫోర్నియా పరిశోధకులు లెక్కగట్టి చెప్పినదేమనగా, ఏటేట నూటికి 75 చొప్పున చంపుచు పోయినను ఆ జాతి నశించుటకు ఏబది సంవత్సరములకు మించి పట్టును. ఏలయనగా సంఖ్య తగ్గినకొలది మిగిలినవి ఎక్కువ పిల్లలను కనును, ఆ పిల్లలు ఎక్కువగా బ్రదుకును.

కాబట్టి తెలివిగల కాపరి తుపాకీని మొదట కాక చివరను పెట్టును. రాత్రివేళ దొడ్డిలో మూయుట, ఈనిక కాలమందు మందను ఇంటి దాపున నుంచుట, చచ్చిన గొఱ్ఱెను పొలములో వదలక పాతిపెట్టుట, గ్రేట్ పైరనీస్ వంటి కావలి కుక్కలను పిల్లప్రాయమునుండి మందతో పెంచుట, కొన్నిచోట్ల గాడిదను గాని లామాను గాని మందతో విడుచుట: ఇవన్నియు పరీక్షింపబడిన ఉపాయములు. ఇవి చేసిన తరువాత కూడ మంద రుచి మరిగిన కొయోటీ ఒకటి వచ్చుచున్నయెడల, అప్పుడు దానిని, ఆ యొక్కదానిని, చంపుట కాపరి బాధ్యతలోనిదని ఒప్పుకొనవచ్చును. ఎక్కువ చంపినవానికి బహుమానమని పందెములు పెట్టి చంపుట వేరు సంగతి. 2014లో కాలిఫోర్నియా, 2018లో వెర్మాంట్, 2019లో న్యూ మెక్సికో రాష్ట్రములు అట్టి పందెములను నిషేధించినవి. అక్కడ వేటగాండ్రలోనే అనేకులు ఆ పందెములను చూచి సిగ్గుపడిరి.

చంపబడు జంతువునకు మన ఋణము

ఇక తుపాకీ సంగతి. చంపవలసినదే అని నిర్ణయమైనప్పుడు, ఆ జంతువునకు మనము ఋణపడియున్నది ఒక్కటే: ఆలస్యము లేని చావు. “దొంగ జంతువునకు ఎట్టి చావైన నేమి?” అని యడుగువారున్నారు. వారికి జవాబు లేవీయకాండము 17వ అధ్యాయములో గలదు. వేటాడి పట్టిన మృగము యొక్క రక్తమును నేల మీద పోసి మట్టితో కప్పవలెనని అక్కడ ఆజ్ఞ. తినుటకు చంపిన దాని ప్రాణము సయితము తొక్కివేయదగినది కాదని దాని యర్థము. తినుటకు గాక, అడ్డు తొలగించుటకు చంపు ప్రాణమునకు మరి యెంత గౌరవము చూపవలెను!

కొయోటీ చాతీలో గుండెయు ఊపిరితిత్తులును ఉన్న భాగము మనుష్యుని అరచేతి కంటె అంత పెద్దది కాదు. అక్కడ తగిలిన క్షణములో ముగియును. కడుపులో తగిలినయెడల పరుగెత్తి పొదలో దూరి గంటల తరబడి బాధపడి చచ్చును. దవడ విరిగినది ఆకలితో దినములు లెక్కించుకొనును. ఈ కారణము చేత తుపాకీ యెన్నికలో మొదటి ధర్మము బలము కాదు, గురి. రెండవది చాలినంత బలము.

.22 లాంగ్ రైఫిల్ అను చిన్న తూటా 1887 నుండి వాడుకలో నున్నది. వెల తక్కువ, చప్పుడు తక్కువ, ప్రతి పొలమునందు దొరకును. కుందేలుకు అది చాలును. కొయోటీకి, మిక్కిలి దాపున తప్ప, అది చాలదు. చేతిలో నున్నది గదా అని దానితోనే నూరు గజముల దూరమున నున్న కొయోటీని కొట్టువాడు చాలమారులు దానిని చంపడు, గాయపరచును. చవకదనము ఇక్కడ క్రూరత్వమగుచున్నది.

రెండవ ప్రక్కను .308 వించెస్టర్, .30-06 వంటివి గలవు. ఇవి పెద్ద జింకలకును ఎల్క్ వంటి మృగములకును తగినవి. కొయోటీని ఇవి తప్పక చంపును. కాని అవసరమునకు మించిన బలము గుండును జంతువును దాటించి ఇంకెక్కడికో కొనిపోవును.

ఈ రెండింటి నడుమ నున్నవే సాధారణముగా తగినవని అనుభవజ్ఞులు చెప్పుదురు. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్, 1964లో వచ్చిన .223 రెమింగ్టన్, 1965లో ఆ సంస్థయే బజారులో పెట్టిన .22-250, 1955లో వచ్చిన .243 వించెస్టర్ అట్టివి. .223 లో సాధారణముగా వాడు 55 గ్రెయినుల గుండు నాలుగు గ్రాముల బరువైన తూగదు. అయినను సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగముతో బయలుదేరును. .22-250 అదే గుండును సుమారు 3,700 అడుగుల వేగముతో విడుచును. .243 అంతకంటె బరువైన గుండును మోయును గనుక గాలి విసరు మైదానములలో దానికి నిలుకడ ఎక్కువ. తన్ను మాత్రము కొంచెము గట్టిగా నుండును.

గుండు ఎక్కడ ఆగును?

ఇప్పుడు పిట్టగోడ యొద్దకు మరల వచ్చితిమి. కొయోటీకి చేయు ఉపకారమును, పొరుగువానికి చేయవలసిన ఉపకారమును ఒకదానితో నొకటి పోరాడు చోటు ఇదే. బలమైన తూటా జంతువునకు దయ చూపును, దూరముననున్న మనిషికి అపాయము తెచ్చును. బలహీనమైనది నిరపాయమని తలంచుదుమా, అదియు పొరపాటే. ఆ చిన్న .22 తూటా సయితము మైలున్నర దూరము పోగలదని దాని పెట్టెలమీదనే హెచ్చరిక ముద్రింతురు. నేలకు గాని నీళ్లకు గాని తగిలి ఎగిరిపడుట కూడ దానికి అలవాటు. అతివేగముగల తేలికగుండు, మెత్తని కొన గలదైనయెడల, నేలను తాకినప్పుడు తరచుగా ముక్కలైపోవును. ఇండ్లును దొడ్లును చేరువగా నున్న చోట్ల పెద్ద తూటాకంటె .223 వంటిదే మేలని చాలమంది చెప్పుటకు ఇదియొక కారణము. అయినను ఏ తూటాను నమ్మి కాల్చరాదు. గుట్ట మీద నిలిచిన కొయోటీ వెనుక ఆకాశము తప్ప మరేమియు లేనప్పుడు కాల్చువాడు, గోడలేని మిద్దె మీదికి పిల్లలను ఎక్కించినవాడు. మట్టి గుట్ట వెనుక నున్నదని చూచిన తరువాతనే వ్రేలు మీటను తాకవలెను.

నేడు రాత్రివేళ జంతువు వేడిని చూపు దుర్భిణులు వచ్చినవి. అవి కొయోటీని తెల్లగా మెరయించి చూపును, వెనుకనున్న నేల యెట్టిదో అంత స్పష్టముగా చూపవు. కంటికి కనబడిన దానికంటె కనబడనిదే అక్కడ ముఖ్యము.

కనబడినది కొయోటీయేనా అనునదియు ఈ ప్రశ్నలోనిదే. 2014లో గ్రాండ్ కాన్యన్ ఉత్తర ప్రాంతమున ఒక ఆడు బూడిదరంగు తోడేలు కనబడెను. సుమారు 70 సంవత్సరములుగా ఆ ప్రాంతమున తోడేలు కనబడలేదు గనుక దేశమంతయు సంతోషించెను. పిల్లలకు పోటీ పెట్టి దానికి ఎకో అని పేరు పెట్టిరి. అదే సంవత్సరము డిసెంబరు 28న యూటా రాష్ట్రములో ఒక వేటగాడు కొయోటీ అనుకొని దానిని కాల్చి చంపెను. దాని మెడలో పట్టీ యుండెను. ఆ దినమున తుపాకీ తన పని సరిగానే చేసినది. చూచిన కన్ను తన పని చేయలేదు.

చేతికి తగినది

సౌలు తన కవచమును దావీదుకు తొడిగినప్పుడు దావీదు నాలుగు అడుగులు వేసి చూచి, దానిని విడిచివేసెను. అది చెడ్డ కవచము కాదు, రాజు కవచము. దావీదు దానిని ఎన్నడును వాడి యెరుగడు, అంతే. అతడు వడిసెలను తీసికొనెను; ఏలయనగా అతని చేయి దాని నెరుగును. తుపాకీ కొనువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు. భుజమునకు భయము పుట్టించు తుపాకీతో కాల్చువాడు మీట నొక్కక ముందే కన్ను మూయును, గుండు కడుపులోనికి పోవును. తన్ను తక్కువగా నుండి, నూరుమారులు అట్టమీద కాల్చి చేయి తిరిగిన .223 యే, కొని గోడకు తగిలించిన గొప్ప తుపాకీ కంటె దయగలది. వరుసగా అనేక తూటాలు విడుచు తుపాకీకంటె, ప్రతిమారు చేతితో గడియ లాగి తూటా నెక్కించు బోల్ట్ తుపాకీని కొందరు కోరుటకు కూడ ఇదే హేతువు. రెండవ గుండు వెంటనే రాదని తెలిసినవాడు మొదటి గుండును శ్రద్ధగా పంపును.

ధర్మశాస్త్రములో ఇంకొక మాట గలదు. కట్టెలు కొట్టుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి వాడు చచ్చినయెడల, కొట్టినవాడు ఆశ్రయపురమునకు పారిపోవచ్చునని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ మనిషిని ధర్మశాస్త్రము హంతకుడనలేదు. అయినను వాడు ఇల్లు విడిచి పారిపోవలసివచ్చెను. పిడి బిగువును పొద్దుననే చూచుకొనినయెడల ఆ ప్రయాణము తప్పియుండును. దుర్భిణి కదలినదా, గురి నిలిచియున్నదా అని వేటకు ముందు అట్టమీద పరీక్షించుట అట్టి పనియే.

మంచి తుపాకీలోని శోధన

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, ఎక్కువ వేగము, ఎక్కువ గురి గల తుపాకీ ఎక్కువ దయగలదని తోచును. ఇక్కడ ఒక మోసము గలదు. 200 గజములకు సరిపెట్టిన .223 గుండు 300 గజముల యొద్ద సుమారు 8 అంగుళములు క్రిందికి దిగును. గంటకు పది మైళ్ల ప్రక్కగాలి వీచినయెడల అదే దూరములో సుమారు ఒక అడుగు ప్రక్కకు తొలగును. ఆ జంతువు మర్మస్థానము అరచేయంత అని జ్ఞాపకముంచుకొనుడి. కాబట్టి వివేకి 200 గజములలో ఆగును. వానికి ఇంకను వేగమైన .22-250 దొరకినది. ఇప్పుడు అతడు అదే 200 గజములలో కాల్చినయెడల దయ పెరుగును. కాని మనిషి అట్లు చేయునా? క్రొత్త తుపాకీ ఇచ్చిన బలమును దయకొరకు దాచుకొనక, దూరము కొరకు ఖర్చుపెట్టును. నిన్న 200 యొద్ద ఆగినవాడు నేడు 350 యొద్ద ప్రయత్నించును. గాయపడి తప్పించుకొను జంతువుల సంఖ్య తగ్గదు. కాల్చు దూరము మాత్రము పెరుగును.

ఇది తుపాకీ ఒక్కదాని సంగతియేనా? వేగమైన మోటారుసైకిలు వచ్చినప్పుడు మనము ముందుగా ఇల్లు చేరితిమా, ఆలస్యముగా బయలుదేరితిమా? మనకు కలిగిన ప్రతి శక్తితోను ఇదే జరుగుచున్నది. హద్దు పనిముట్టులో లేదు. హద్దు మనిషిలో నుండవలెను. తగిన తుపాకీ యేది అని యడుగువానికి సగము జవాబు తూటా పేరు. మిగిలిన సగము, ఎంత దూరమునకు మించి కాల్చనని అతడు ముందుగా చేసికొన్న తీర్మానము.

చచ్చిన తరువాత మిగులునది

గుండు పని జంతువు పడుటతో ముగియదు. సీసపు గుండు మాంసములో చిన్న చిన్న తునుకలుగా చెదరును. పొలములో విడిచిన కళేబరమును గద్దలును రాబందులును తిని ఆ విషము చేత చచ్చును. కాలిఫోర్నియా కాండర్ అను మహా రాబందు 1982లో 22 మాత్రమే మిగిలెను. వాటికి సీసము ఒక పెద్ద శత్రువని తేలినది. అందుచేత ఆ రాష్ట్రము 2013లో చట్టము చేసి, 2019 జూలై 1 నుండి వేటలన్నిటిలోను సీసము లేని గుండ్లనే వాడవలెనని నియమించినది. రాగి గుండ్లకు వెల యెక్కువ. అయినను తాను గురిపెట్టని ప్రాణి తన గుండుచేత చావకుండ పెట్టిన ఖర్చు, పిట్టగోడకు పెట్టిన ఖర్చు వంటిదే.

మన పొలములలో

మన దేశములో నక్కను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చేత నిషేధింపబడినది. మన రైతులలో తుపాకీ గలవారు అరుదు. అట్లయిన ఈ ప్రసంగము మనకు తగలదా? తగులును. అడవిపందుల బాధ పడలేక చేను చుట్టు కరెంటు తీగ లాగువారు మనలో లేరా? తుపాకీ కంటె ఆ తీగ యెంత భయంకరమైనదో ఆలోచించుడి. తుపాకీ వెనుక ఒక కన్ను గలదు. అది చూచి ఆగగలదు. తీగకు కన్ను లేదు. పంది యేదో, పొరుగువాని యెద్దు ఏదో, రాత్రివేళ నీళ్లు కట్టుటకు వచ్చిన కూలివాడెవడో దానికి తెలియదు. మన రెండు రాష్ట్రములలోను ఆ తీగలకు తగిలి మనుష్యులు చచ్చిన వార్తలు ఎన్నిమారులు చదువలేదు! మేత ఉండలలో పెట్టు నాటుబాంబులును, ఉచ్చులును, ఎరలో కలుపు విషమును అట్టివే. అమెరికాలో సయితము ప్రభుత్వ భూములలో క్రూరమృగములకు విషము పెట్టుటను 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తరువు చేత నిలిపివేసిరి. ఆ యుత్తరువు తరువాత సడలింపబడినను, విషము ఎవరిని చంపవలెనో ఎరుగదన్న సత్యము సడలలేదు. పంట నష్టపోయిన రైతు కోపము న్యాయమైనదే. కాని న్యాయమైన కోపము చేతిలో గ్రుడ్డి పనిముట్టు పెట్టరాదు.

సమ్సోను మూడువందల నక్కలను పట్టి తోకలకు దివిటీలు కట్టి ఫిలిష్తీయుల చేలలోనికి తోలెను. చేలు కాలినవి. ఆ తరువాత కథ చదువుడి: పగకు పగ, అగ్నికి అగ్ని; చివరకు అతని భార్యయు మామయు సయితము కాల్చబడిరి. ఎటు పోవునో తెలియని నిప్పును విడిచినవాని యింటికే ఆ నిప్పు తిరిగివచ్చెను.

కాబట్టి ప్రాణము తీయు ఏ పనిముట్టునైనను, తుపాకీ గాని తీగ గాని మందు డబ్బా గాని, చేత బట్టక ముందు నాలుగు ప్రశ్నలు మనలను మనమే అడుగుకొందము. ఇది నిజముగా చేయవలసిన పనియేనా, ఇంతకు తక్కువదానితో జరుగదా? ఇది బాధ లేకుండ త్వరగా ముగించునా? నేను గురిపెట్టినదానిని దాటి ఇది ఎవరిని తాకగలదు? దీనిని అదుపులో నుంచుకొను నేర్పు నా చేతికి, ఆగు మనస్సు నా హృదయమునకు గలవా? నాలుగింటికిని నిర్మలమైన జవాబు చెప్పగలవాడు తగిన తుపాకీని కనుగొన్నవాడే. చెప్పలేనివాడు దానిని అంగడిలోనే విడిచి, ఆ డబ్బుతో మంచి కావలి కుక్క నొకదానిని కొనుట మేలు.